మనిషి, ఏఐ కలిసి చేసే జట్టుపని మీద పరిశోధన: ఈ దారిలో అధ్యాపక జీవితం నిలబడుతుందా?

రెంటి_నడుమ
మనుషులూ కృత్రిమ మేధా ఒక జట్టుగా పనిచేసే తీరు మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది నాలుగో ఏడు, థీసిస్ రాయడం మొదలుపెట్టాను. విశ్వవిద్యాలయంలోనే ఉండి ఇదే విషయం మీద పరిశోధన చేస్తూ, పాఠాలు చెబుతూ జీవితం గడపాలన్నది చేరిన రోజు నుంచీ నా కోరిక. ఆ కోరిక ఈనాటికీ తగ్గలేదు గానీ ధైర్యం సన్నగిల్లుతోంది.

మొదటి బాధ, నన్ను తమ మనిషిగా చెప్పుకునే డిపార్ట్‌మెంట్ ఒక్కటీ లేకపోవడం. కంప్యూటర్ సైన్స్ వారు నా పేపర్ చూసి ఇందులో కొత్త ఆల్గారిథమ్ ఏదని అడుగుతారు. మనస్తత్వశాస్త్రం వారు కొత్త సిద్ధాంతం ఏదని అడుగుతారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానేమో అనిపిస్తోంది. రెండో బాధ ఇంకా పెద్దది. నా మొదటి ప్రయోగానికి పని రూపకల్పన, మనుషుల మీద ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి, మనుషులను పిలిపించడం, విశ్లేషణ, సమీక్షలు అన్నీ కలిపి పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి ఒక సమీక్షకుడు "ఈ ఏఐ మోడల్‌ను ఇప్పుడెవరూ వాడడం లేదు కాబట్టి ఈ ఫలితాలకు విలువ లేదు" అని ఒక్క వాక్యంతో తిప్పి పంపాడు. ఏడాదికి రెండు మూడు సార్లు మారే వస్తువు మీద ముప్పై ఏళ్ల వృత్తిని ఎలా కట్టుకుంటారు? ఈ రంగంలో నిలదొక్కుకున్నవారు చెప్పగలరా?

పాతకాపు
రెండో బాధకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి మూలం కూడా అందులోనే ఉంది.

మన రంగం మొన్న పుట్టింది కాదు. మనిషికి ఏ పని అప్పగించాలి, యంత్రానికి ఏది అప్పగించాలి అన్న పట్టికను పాల్ ఫిట్స్ 1951లోనే విమాన రాకపోకల నియంత్రణ కోసం రాసిపెట్టాడు. మనిషీ కంప్యూటరూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఆలోచించే రోజు గురించి జె.సి.ఆర్. లిక్లైడర్ 1960లో రాశాడు. 1983లో లీసాన్ బైన్‌బ్రిడ్జ్ యాంత్రీకరణలోని విపర్యాసాల గురించి ఒక చిన్న పేపర్ ప్రచురించింది. అందులోని యంత్రాలు కర్మాగారాల నియంత్రణ వ్యవస్థలు. వాటిలో చాలావరకు ఈనాడు పాత ఇనుము కింద లెక్క. పేపర్‌ను మాత్రం ఇప్పటికీ చదువుతున్నాం. ఆమె చెప్పింది ఇది: తేలికైన పనులన్నీ యంత్రానికి ఇచ్చేసి, యంత్రానికి చేతకాని కష్టమైన ఘడియను మాత్రం మనిషికి మిగిల్చితే, రోజూ చేయని పని కాబట్టి ఆ ఘడియ వచ్చేసరికి అతని నైపుణ్యం తుప్పు పట్టి ఉంటుంది.

2009 జూన్ 1న అట్లాంటిక్ మహాసముద్రం మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో జరిగింది దాదాపు ఇదే. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని, రీడింగులు పొంతన తప్పి, ఆటోపైలట్ దానంతట అదే తప్పుకుంది. విమానం ఒక్కసారిగా పైలట్ల చేతికి వచ్చింది. ఏం జరుగుతోందో వారికి అర్థమయ్యేలోపే, అయిదు నిమిషాలైనా గడవకుండా, 228 మందితో అది సముద్రంలో కూలిపోయింది. అప్పటికి బైన్‌బ్రిడ్జ్ పేపర్‌కు ఇరవై ఆరేళ్లు.

కాబట్టి మీ ప్రయోగంలోని మోడల్‌ను తీసేసి ఇంకొకటి పెడితే, మీరు కనుక్కున్న విషయంలో ఏది మిగులుతుందో ఒక పేరాలో రాయండి. మీ వృత్తిని ఆ మిగిలినదాని మీద కట్టుకోవాలి.

మోడల్_మారింది
పాతకాపు గారు చెప్పినదానిలో సగమే ఒప్పుకుంటాను. ఆ సమీక్షకుడి మాటలో దురుసుతనం ఉంది గానీ, విషయం బొత్తిగా లేకపోలేదు. పాత యంత్రం ఒకే పని చేసేది, తప్పినా ఒకే తీరుగా తప్పేది. దాని దగ్గర కొన్నాళ్లు కూర్చున్న ఆపరేటర్‌కు అది ఎక్కడ తడబడుతుందో చేతివేళ్లకు తెలిసిపోయేది. ఈనాటి భాషా మోడల్‌ను ఒకే ప్రశ్న రెండు రకాలుగా అడిగితే రెండు జవాబులు రావచ్చు, రెండూ తడుముకోకుండా, కారణాలతో సహా వస్తాయి. తప్పుల్లో క్రమం లేని భాగస్వామి మీద మనిషి అంచనా ఎలా ఏర్పరచుకుంటాడన్నది 1983 నాటి ప్రశ్న కాదు.

పాతకాపు
ఒప్పుకుంటున్నాను. అయితే మీరిప్పుడు వేసిన ప్రశ్నలో కూడా ఏ మోడల్ పేరూ లేదు, గమనించండి.

రెంటి_నడుమ
పాతకాపు గారు రాయమన్న పేరా కోసం కూర్చుంటే ఒక మనిషి గుర్తుకొచ్చింది. మా ప్రయోగంలో విపత్తు తరువాత పై నుంచి తీసిన భవనాల చిత్రాలు నలభై ఉంటాయి. ఒక్కో చిత్రం చూసి భవనం కూలిందో నిలిచి ఉందో చెప్పాలి. పక్కనే ఏఐ తన జవాబునూ, ఒక వాక్యంలో కారణాన్నీ చూపిస్తుంది. నలభైలో ఎనిమిది చోట్ల అది కావాలనే తప్పు చెబుతుంది.

ఇరవై మూడో చిత్రం దగ్గర ఒకావిడ చాలాసేపు ఆగింది. పెద్దది చేసి చూసింది, తెర మీద వేలు పెట్టి పైకప్పు అంచు వెంట గీసింది, "కూలినట్టే ఉంది" అని రెండుసార్లు పైకే అనుకుంది. నిజంగా అది కూలిన భవనమే. ఏఐ మాత్రం "అంచుల వెంట నీడ చెక్కుచెదరలేదు కాబట్టి నిలిచి ఉంది" అని చెప్పింది. ఆవిడ ఆ వాక్యాన్ని పెదవులు కదుపుతూ చదివి, "నాకు కనిపించనిది దానికి కనిపించిందేమో" అంటూ జవాబు మార్చేసింది. అద్దం ఇవతల కూర్చున్న నాకు ఆ క్షణంలో లేచి వెళ్లి ఆపాలనిపించింది. నేను ఈ రంగంలో ఉండాలనుకునేది ఆవిడ అన్న ఆ ఒక్క వాక్యం కోసమే.

ఏఐ జవాబులన్నీ ముందే రాయించి భద్రపరచినవి. ప్రయోగం జరిగే సమయంలో ఏ మోడలూ నడవలేదు.

పాతకాపు
జవాబులన్నీ ముందే భద్రపరచినవైతే, పేపర్ సారాంశం మొదటి వాక్యంలో మోడల్ పేరు ఎందుకు రాశారు?

రెంటి_నడుమ
అందరూ రాస్తున్నారని రాశాను. ఆ పేరు ఉంటే పేపర్ కొత్తగా కనిపిస్తుందని గైడ్ కూడా అన్నారు.

సంఖ్యల_మనిషి
ఆవిడ గురించి మీరు రాసినది ఇతరులూ కొలిచారు. 2021లో గగన్ బన్సల్, సహ పరిశోధకులు, మనుషులు కంప్యూటర్లను వాడే తీరు మీద జరిగే సీహెచ్‌ఐ సదస్సులో ప్రచురించిన అధ్యయనంలో, ఏఐ ఇచ్చే వివరణల వల్ల మనుషులు దాని సలహాను ఒప్పుకోవడం పెరిగింది, అయితే ఆ సలహా ఒప్పైనా తప్పైనా పెరిగింది. జట్టు స్థాయిలో వివరణ వల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఇంకొకటి కూడా మీకు అవసరం. 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వక్కారో, అల్మాటూక్, మలోన్ కలిసి 106 ప్రయోగాలను, వాటిలోని 370 ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. మనిషి ఒక్కడు, ఏఐ ఒక్కటి, ఈ రెండింటిలో ఏది మెరుగో దానితో పోల్చినప్పుడు, కలిసి చేసిన పని సగటున వెనకబడింది. నిర్ణయాలు తీసుకునే పనుల్లో నష్టం కనిపించింది, కొత్తగా ఏదైనా రాసి తయారుచేసే పనుల్లో లాభం కనిపించింది. ఒంటరిగా మనిషే మెరుగైన చోట జట్టు లాభపడింది, ఏఐ మెరుగైన చోట జట్టు నష్టపోయింది. మన రంగంలో చాలా పేపర్లు "ఏఐ సాయంతో మనిషి మెరుగయ్యాడు" అని చూపించి ఆగిపోతాయి. మనిషి ఒంటరిగా, ఏఐ ఒంటరిగా, రెండూ కలిసి, ఈ మూడు కొలతలూ ఉంటే తప్ప జట్టు అన్న మాట వాడే హక్కు రాదని నా అభిప్రాయం. మీ దగ్గర మూడూ ఉన్నాయా?

రెంటి_నడుమ
ఉన్నాయి. ఏఐ ఒంటరిగా నలభైకి ముప్పై రెండు. ఏఐ లేకుండా చేసిన గుంపు ఒకటి విడిగా ఉంది. అయితే ఆ గుంపు ఫలితాలను పేపర్‌లో అనుబంధంలోకి తోసేశాను.

సంఖ్యల_మనిషి
ముందుకు తీసుకురండి. మీ పేపర్‌కు వెన్నెముక అదే.

కొత్తగా_వచ్చాను
నమ్మకాన్ని ఎలా కొలుస్తారు? మా ల్యాబ్‌లో చివర ఒక ప్రశ్నావళి ఇచ్చి ఊరుకుంటున్నారు.

సంఖ్యల_మనిషి
నమ్ముతున్నానని మనిషి చెప్పేది ఒకటి, నమ్మి చేసేది ఇంకొకటి. లీ, సీ 2004లో రాసిన పేపర్ చదవండి. ఎంత నమ్మారన్నదాని కంటే యంత్రం సామర్థ్యానికి తగినంత నమ్మారా అన్నదే అసలు ప్రశ్నని అందులో వివరంగా ఉంటుంది. అందుకే ప్రశ్నావళితోపాటు, తప్పు సలహాను ఎన్నిసార్లు ఒప్పుకున్నారు, సరైన సలహాను ఎన్నిసార్లు తోసిపుచ్చారు అని విడివిడిగా లెక్కపెట్టాలి. రెండింటినీ కలిపి ఒకే శాతంగా చూపిస్తే ఏమీ తెలియదు.

పదాల_పట్టింపు
అందరూ "జట్టు" అన్న మాటను అలవోకగా వాడేస్తున్నారు. నాకు దానితోనే పేచీ. కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ లాంటివారు ఎన్నాళ్లుగానో చెబుతున్నట్టు, యంత్రాన్ని సహచరుడని పిలవడం మొదలుపెడితే బాధ్యత ఎవరిదన్నది మసకబారుతుంది. క్లైన్, వుడ్స్ తదితరులు 2004లో యంత్రాన్ని జట్టు ఆటగాడిగా చేయడానికి ఉన్న పది సవాళ్లను రాస్తూ, కలిసి పనిచేస్తామన్న ఒప్పందం, ఒకరి తరువాతి అడుగును మరొకరు ఊహించగలగడం, ఒకరు చెబితే మరొకరు దారి మార్చుకోగలగడం, ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన విషయాలు, ఇవన్నీ ఉండాలన్నారు. మీ భవనాల చిత్రాల ఏఐకి వీటిలో ఏది ఉంది?

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. 1996లో క్లిఫర్డ్ నాస్, ఫాగ్, మూన్ చేసిన ప్రయోగంలో, "నీ ఫలితం ఈ కంప్యూటర్ పని మీద కూడా ఆధారపడి ఉంటుంది" అని చెప్పడం ఒక్కటే సరిపోయింది, ఉత్త జట్టు పేరు పెట్టడం మాత్రం సరిపోలేదు. అలా విన్నవారు కంప్యూటర్ తమలాగే ఉందని భావించారు, దాని సలహాను మరింత మంచిదిగా చూశారు, దానితో ఎక్కువగా ఏకీభవించారు. అంటే ఆ మాటే ఒక మందులా పనిచేసింది. మీ సూచనల పేజీలో ఏఐని ఏమని పిలిచారో ఒకసారి చూసి చెప్పండి.

రెంటి_నడుమ
ఇప్పుడే తెరిచి చూశాను. "మీ ఏఐ సహచరుడు" అని ఆరుసార్లు ఉంది. ఇన్నాళ్లుగా చూస్తున్న పేజీలో ఈ మాట నా కంట పడలేదు.

తెర_వెనుక
పదాల_పట్టింపు గారి మాటకు నా అనుభవం తోడు చేస్తాను. నా పీహెచ్‌డీ అంతా తెర వెనుక మనిషిని కూర్చోబెట్టే పద్ధతిలో సాగింది. పాల్గొనేవారు ఏఐతో మాట్లాడుతున్నామనుకుంటారు, పక్క గదిలో నేను టైప్ చేస్తుంటాను. ఏ మోడలూ అవసరం లేదు కాబట్టి మోడల్ పాతబడిందన్న మాట నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ప్రయోగం అయ్యాక పాల్గొన్న ప్రతి ఒక్కరికీ నిజం చెప్పి, డేటా వాడుకోవడానికి మళ్లీ అనుమతి తీసుకునేదాన్ని. అది తప్పనిసరి. ఒకాయన మాత్రం నిజం చెప్పకముందే, "మీ ఏఐ పొద్దున చురుగ్గానే ఉంటుందట, మధ్యాహ్నం తరువాత మందకొడిగా అవుతోంది, సర్వర్ చూసుకోండి" అని శ్రద్ధగా సలహా ఇచ్చారు. ఆ సర్వర్ నా చేతి మణికట్టు.

అప్పుడు నేర్చుకున్నది ఒకటుంది. జవాబు రావడానికి నాలుగు సెకన్లు ఆలస్యమైతే కొందరు "ఆలోచిస్తోంది" అనుకుని ఎక్కువ నమ్మేవారు, కొందరు "తడబడుతోంది" అనుకుని తక్కువ నమ్మేవారు. ఆ తేడా ఎందుకు వస్తుందన్న ప్రశ్నే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

జట్టులో_ముగ్గురు
ఒక మనిషి, ఒక ఏఐ, ఒక తెర. ఎందుకో మన ప్రయోగాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. నిజమైన పనిచోట ముగ్గురు నలుగురు మనుషులుంటారు, వారిలో ఒకరు ఏఐని నమ్మరు, ఒకరు అతిగా నమ్ముతారు, పెద్దవారు ఎవరి మాట వింటారో అందరికీ తెలుసు. కొత్తవారికి ఇక్కడ ఖాళీ స్థలం చాలా ఉంది.

యంత్రం వైపు పని చేసేవారికీ ఒక మాట. 2019లో బర్క్‌లీ పరిశోధకులు వంట ఆటలో చూపించినట్టు, తన ప్రతిరూపంతోనే ఆడి నేర్చుకున్న ఏజెంట్, అంటే ఏఐ ఆటగాడు, తన ప్రతిరూపంతో అద్భుతంగా ఆడుతుంది, మనిషిని పక్కన నిలబెడితే తడబడుతుంది. 2021లో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీ వారు హనాబీ అనే సహకార పేకాట మీద చేసిన అధ్యయనంలో, నేర్చుకున్న ఏజెంట్‌కూ, నియమాలతో రాసిన ఏజెంట్‌కూ జట్టు స్కోరులో తేడా కనిపించలేదు గానీ, ఆడినవారు మాత్రం నియమాల ఏజెంట్‌నే స్పష్టంగా ఇష్టపడ్డారు. స్కోరు ఒక్కటే కొలిస్తే ఈ విషయం ఎప్పటికీ బయటపడేది కాదు.

మోడల్_మారింది
చదరంగం సంగతి కూడా చెప్పండి. కంప్యూటర్ సాయం తీసుకోనిచ్చే 2005 నాటి ఫ్రీస్టైల్ పోటీలో గ్రాండ్‌మాస్టర్లను కాదని, మూడు కంప్యూటర్లతో ఇద్దరు ఔత్సాహికులు గెలిచారు. మనిషీ యంత్రమూ కలిస్తే అజేయం అని అప్పటి నుంచి ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతున్నారు. చదరంగం ఆడే ప్రోగ్రాములు ఎంతో బలపడ్డ ఈ రోజుల్లో ఆ ఉదాహరణ అలాగే నిలుస్తుందా?

జట్టులో_ముగ్గురు
నిలవదు. సంఖ్యల_మనిషి గారు చెప్పిన 2024 ఫలితంతో అది సరిపోతుంది కూడా: యంత్రం ఒంటరిగానే మెరుగైన చోట మనిషి చేయి పడితే నష్టమే. ఇద్దరికీ తెలిసినవి వేరువేరుగా ఉన్న పనులను వెతకాలి.

వైద్య_చిత్రాలు
పనిని ఎలా పంచుతామన్నది కూడా చూడాలి. స్వీడన్‌లో 80,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన మాసాయి అనే రొమ్ము క్యాన్సర్ పరీక్షల అధ్యయనం తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ ఏఐ ప్రతి చిత్రం దగ్గరా డాక్టర్‌తో వాదించదు. ముందుగా ప్రమాద స్థాయిని లెక్కకట్టి, తక్కువగా ఉన్నవాటిని ఒక రేడియాలజిస్ట్‌కు, ఎక్కువగా ఉన్నవాటిని ఇద్దరికి పంపుతుంది. క్యాన్సర్లను కనిపెట్టడం తగ్గలేదు, చిత్రాలు చదివే భారం మాత్రం 44 శాతం తగ్గింది. మీ ప్రయోగంలో నలభై చిత్రాలకూ ఒకే ఏర్పాటు. అదే చిత్రాలతో పంపకం మార్చి చూస్తే అది పూర్తిగా వేరే పేపర్ అవుతుంది.

పదాల_పట్టింపు
అది జట్టు కాదు, వడపోత.

వైద్య_చిత్రాలు
నేను పనిచేసే చోట మంచి జట్లన్నీ ముందుగా చేసేది ఆ వడపోతే. ఏ చిత్రం ఎవరి బల్ల మీదికి వెళ్లాలో తెలిసిన చోట మిగతా మాటలు తక్కువ పడతాయి.

కంపెనీ_దారి
నేను పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, తరువాత ఒక సంస్థ పరిశోధన విభాగంలో చేరాను. లక్షలమంది వాడుకరుల మధ్య నిజంగా ఏం జరుగుతోందో అక్కడ కనిపిస్తుంది, అది విశ్వవిద్యాలయంలో దొరకదు. అయితే సలహాను ఒప్పుకునే ముందు వాడుకరి తన జవాబును తాను రాయాలన్న చిన్న అడ్డంకి పెట్టి మేము మొదలుపెట్టిన అధ్యయనాన్ని, వాడకం తగ్గుతోందన్న కారణంతో సగంలో ఆపించారు. తప్పు సలహాను గుడ్డిగా ఒప్పుకోవడం తగ్గిందో లేదో చూడడానికి మాకు ఇంకా ఆరు వారాలు కావాల్సింది. ఆ ఆరు వారాలు మీకు విశ్వవిద్యాలయంలో దొరుకుతాయి. అది చిన్న విషయం అనుకోకండి.

రెండో_పోస్ట్‌డాక్
ఆ ఆరు వారాలు దొరకడానికి ముందు ఏళ్ల తరబడి తాత్కాలిక ఒప్పందాల మీద ఊళ్లు మారాల్సి వస్తుందని కూడా చెప్పాలి. నేను ఇప్పుడు రెండో ఒప్పందంలో ఉన్నాను. పరిశోధన మీద ప్రేమ ఉన్నవారిని ఆ ప్రేమ పేరు చెప్పి ఎంతకాలమైనా నిలబెట్టవచ్చన్న ధోరణి అన్ని డిపార్ట్‌మెంట్లలోనూ ఉంది. రెంటి_నడుమ గారూ, ఎన్నేళ్లు ప్రయత్నించాలో ఇప్పుడే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోండి.

నియామక_మండలి
రెండో_పోస్ట్‌డాక్ గారి మాట నిజం, దాన్ని తేలికచేయను. నేను ఎంపిక సంఘాల్లో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి మొదటి బాధ గురించి చెబుతాను.

మీలాంటివారికి చోటున్నది ఆ రెండు డిపార్ట్‌మెంట్లలోనే కాదు. ఇన్ఫర్మేషన్ స్కూళ్లు, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో యంత్రాలను మనుషులకు తగ్గట్టు రూపొందించే మానవ కారకాల విభాగాలు, మేనేజ్‌మెంట్‌లో సంస్థాగత ప్రవర్తన విభాగాలు, వైద్య సమాచార విభాగాలు, విమానయాన విభాగాలు, ఇవన్నీ మీ పని కోసం వెతుకుతున్నవే. కానీ ఒక్కోచోట కొలబద్ద ఒక్కోలా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లో సీహెచ్‌ఐ, సీఎస్‌సీడబ్ల్యూ (కంప్యూటర్ల సాయంతో చేసే ఉమ్మడి పని), హెచ్‌ఆర్‌ఐ (మనిషి, రోబో సంబంధం) సదస్సుల పేపర్లే ప్రధానం. మనస్తత్వశాస్త్రం సంఘంలో అవే పేపర్లను "సదస్సు ప్రసంగాలు" అనుకుని పక్కన పెట్టినవారిని కళ్లారా చూశాను. ఆ అభ్యర్థి ఎంతో సమర్థురాలు. తన సదస్సు పేపర్లకు పూర్తి సమీక్ష జరుగుతుందని దరఖాస్తులో ఒక్క వాక్యం రాసి ఉంటే ఇంటర్వ్యూ దాకా వచ్చేది. అందుకే హ్యూమన్ ఫ్యాక్టర్స్ లాంటి పత్రికలో ఒక్కటైనా ఉండేలా చూసుకోండి.

మీరు ఏ కోర్సు చెప్పగలరన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. "మనిషి, ఏఐ సహకారం" అంటే ఎవరికీ అంతుబట్టదు. ప్రయోగాల రూపకల్పన, గణాంకాలు, హెచ్‌సీఐ (మనిషి, కంప్యూటర్ సంబంధం) ప్రాథమికాలు చెప్పగలనని రాయండి. ఈ మూడింటికీ ఎప్పుడూ మనిషి కొరతే.

మోడల్_మారింది
కోడ్ రాయడం మాత్రం మానకండి. యంత్రం వైపు వారితో సమానంగా కూర్చుని మాట్లాడాలంటే ఆ చేయి ఆడుతూ ఉండాలి.

రెంటి_నడుమ
అందరి మాటలూ రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదివాను. పేపర్ సారాంశంలోంచి మోడల్ పేరు తీసేసి, పద్ధతుల విభాగంలో ఒక్కచోట ఉంచాను. ఏఐ లేని గుంపు ఫలితాలు మొదటి పట్టికలోకి వచ్చాయి. దాన్ని ఈసారి పత్రికకే పంపుతున్నాను. రెండో_పోస్ట్‌డాక్ గారు చెప్పినట్టు మూడేళ్ల గడువు పెట్టుకుని, కాగితం మీద రాసి, ఇంట్లోవారికి చూపించాను.

తరువాతి ప్రయోగం పదాల_పట్టింపు గారి చలవే. అవే నలభై చిత్రాలు, అవే భద్రపరచిన జవాబులు. ఒక గుంపుకు సూచనల్లో "సహచరుడు" అని ఉంటుంది, ఇంకొక గుంపుకు "పనిముట్టు" అని ఉంటుంది, మూడో గుంపుకు ఏ పేరూ ఉండదు. ఇరవై మూడో చిత్రం దగ్గర ఎవరు జవాబు మార్చుకుంటారో చూడాలని ఉంది. అనుమతికి పంపేముందు సూచనల పేజీని ఎవరైనా చదివి పెడతారా?

తెర_వెనుక
నాకు పంపండి, ఈ వారంలో చదువుతాను. ఆ ఇరవై మూడో చిత్రం అందరికీ అదే స్థానంలో వస్తోందా? దానికి ముందు ఏఐ వరుసగా ఎన్నిసార్లు సరిగ్గా చెప్పింది?

రెంటి_నడుమ
అందరికీ అదే స్థానం. ముందు వరుసగా ఏడుసార్లు సరిగ్గా చెప్పింది.

తెర_వెనుక
అయితే ఆవిడ జవాబు మార్చడానికి కారణం ఆ వివరణో, వరుసగా ఏడు ఒప్పులు చూసి కుదిరిన నమ్మకమో, అలసటో ఇప్పటి డేటాతో తేలదు. ఈసారి చిత్రాల క్రమాన్ని ఒక్కొక్కరికీ మార్చండి. సూచనల పేజీతోపాటు ఆ క్రమం తయారుచేసే కోడ్ కూడా పంపండి, రెండూ కలిపి చూస్తాను.